ఖర్చుకూ అప్పుకూ పార్లమెంటు కళ్లెం ఉందా, ఉత్త ముద్రేనా?

మూసీ ఆయకట్టు:
సంచిత నిధి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి రూపాయి తీయాలన్నా పార్లమెంటు ఒప్పుకోవాలని గ్రూప్స్ పుస్తకాల్లో బట్టీ పడుతున్నాం. 2018 మార్చిలో ఏమైంది? గొడవ మధ్య లోక్‌సభ అన్ని శాఖల ఖర్చు పద్దులనూ గిలెటిన్ చేసి, అంటే ఒకేసారి ఓటుకు పెట్టి, చర్చ లేకుండా ఆమోదించింది. పన్నుల ప్రతిపాదనలుండే ఆర్థిక బిల్లూ అంతే. దీన్ని అదుపు అంటారా?

దేవరకొండ మాస్టారు:
సభ ఒక్కటే చూస్తే ఎట్లా తమ్మీ? ఏ ఏడాదైనా కొన్ని శాఖల పద్దులకే అక్కడ టైం దొరుకుతుంది. మిగతా పద్దులను పరిశీలించే పని 1993 నుంచి ఎంపీలుండే స్థాయీ సంఘాలది. ఖర్చయ్యాక ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ చేస్తుంది, ఆ నివేదిక పట్టుకుని ఎంపీల ప్రజా పద్దుల సంఘం, అదే పీఏసీ, శాఖల అధికారులను పిలిచి అడుగుతుంది. దాని ఛైర్మన్ 1967 నుంచి ఆనవాయితీగా ప్రతిపక్ష ఎంపీయే. కెమెరాలుండవు కాబట్టి అక్కడ అరుపులూ తక్కువే.

మిర్యాలగూడ వడ్లు:
సారూ, అయిపోయిన ఖర్చు మీద ఎన్ని ప్రశ్నలేస్తే ఏం లాభం? పీఏసీ సిఫార్సుకు ప్రభుత్వం కట్టుబడాలనేం లేదు. అసలు కిటుకు అప్పు దగ్గరుంది. మా ఐకేపీ కొనుగోలు సెంటర్లో కాంటా అయిన వడ్లు మిల్లుకు పోయి, బియ్యమై కేంద్ర ఆహార సంస్థ ఎఫ్‌సీఐ గోదాముకు చేరతాయి. రేషన్‌కు తక్కువ ధరకిచ్చినందుకు ఎఫ్‌సీఐకి కేంద్రం సబ్సిడీ కట్టాలి. అది బడ్జెట్లో పూర్తిగా పెట్టకుండా, కొన్నేళ్లు చిన్న పొదుపుల నిధి నుంచి ఎఫ్‌సీఐతోనే అప్పు చేయించింది. బాకీ ఎఫ్‌సీఐ పేరున, లోటేమో కాగితం మీద తక్కువ. కాగ్ తప్పుబట్టింది కూడా. చివరికి 2021 ఫిబ్రవరి బడ్జెట్లో ఆ బాకీని లెక్కలోకి తెచ్చేసరికి, 2020-21 ఆహార సబ్సిడీ 1.15 లక్షల కోట్ల అంచనా నుంచి 4.22 లక్షల కోట్లకు ఎగిరింది. కరోనా ఉచిత బియ్యం ఖర్చూ అందులో ఉంది, కాదనను. కానీ అంతకుముందు ఏళ్లలో ఎంపీలు ఓటేసింది సగం లెక్కకే కదా!

పాలమూరు పిల్లగాడు:
అదే కేంద్రం 2022లో మన రాష్ట్ర కార్పొరేషన్ల అప్పులను రాష్ట్ర అప్పు పరిమితిలో కలిపింది. మనకో రూలు, వాళ్లకో రూలా?

మూసీ ఆయకట్టు:
అసలు కేంద్రం అప్పుకు హద్దు లేదా?

దేవరకొండ మాస్టారు:
రాజ్యాంగం 292వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టంతో హద్దు పెట్టొచ్చు. పెట్టి తీరాలని మాత్రం లేదు. 2003లో అప్పులనూ లోటునూ అదుపు చేసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం తెచ్చి, ద్రవ్యలోటుకు, అంటే ఏటా అప్పుతో పూడ్చే లోటుకు, జీడీపీలో 3 శాతం లక్ష్యం పెట్టుకున్నారు. తర్వాత గడువు జరుపుతూనే వచ్చారు.

మిర్యాలగూడ వడ్లు:
ఎట్లా జరిపారో కూడా చెప్పండి సారూ. 2012, 2015, 2018 ఆర్థిక బిల్లుల్లో కలిపేసి! అంటే చర్చ లేకుండా పోయిందని మన మూసీ అన్న చెప్పిన బిల్లులో అప్పు చట్టం సవరణ కూడా ఉంది. దాన్ని విడి బిల్లుగా పెట్టి ఓటింగ్ జరపమనండి, అప్పుడు అదుపుందని నేనూ ఒప్పుకుంటా.

దేవరకొండ మాస్టారు:
విడి బిల్లు మాటకు నేనూ ఓకే. పీఏసీ దండగంటే మాత్రం ఒప్పుకోను.