గజ్జెల పైన సెన్సర్ కట్టాను, గీత పేజీ దాటి పారిపోతోంది

గజ్జెలమ్మ:
కూచిపూడిలో సింహనందిని చూసే ఉంటారు. నేల మీద రంగు పొడి పోసి, ఆడుతూ పాదాలతోనే సింహం బొమ్మ గీస్తారు. విజయవాడలో నేను ఆడుతుంటే డల్లాస్‌లో మా అక్క బ్రౌజర్‌లో ఆ గీతలు పడాలని నా కోరిక. 2014లో లెసియా త్రుబాత్ అనే స్పెయిన్ డిజైనర్ బ్యాలే బూట్లకు లిలీప్యాడ్ ఆర్డుయినో (బట్టలకి కుట్టుకునే బుల్లి కంప్యూటర్ బోర్డు) బిగించి, పాదం ఒత్తిడినీ కదలికనూ ఫోన్‌లో గీతలుగా చూపించింది. అది చూశాక పట్టిన పిచ్చి ఇది. మనకి బూట్లెక్కడివి! అందుకే చీలమండకి గజ్జెల పైన వైఫై ఉన్న ఈఎస్‌పీ32 అనే బుల్లి బోర్డు, కదలికని కొలిచే ఎంపీయూ6050 సెన్సర్ కట్టాను.

గట్టిగా తట్టినా మెల్లగా తట్టినా గ్రాఫ్ ఒకే ఎత్తులో ఆగుతోంది. పైగా నేను కదలకుండా నిలబడ్డా గీత జరిగి జరిగి పేజీ బయటికి పోతోంది. "అప్పుడే హైదరాబాద్ దాటేశావేంటే" అని అక్క ఒకటే నవ్వు.

సోల్డర్‌బాబు:
ఆ సెన్సర్ చిప్ మామూలుగా ±2జీ రేంజ్‌లో, అంటే భూమ్యాకర్షణ త్వరణానికి రెండింతల దాకానే కొలిచేలా మొదలవుతుంది. మీ తట్టు అంతకంటే గట్టిది. కోడ్‌లో ±16జీ పెట్టండి. గీత పారిపోవడం మీ తప్పు కాదు. త్వరణం నుంచి వేగం, వేగం నుంచి దూరం లెక్కకడుతుంటే చిన్న తేడా కూడా సెకన్లలో కొండంత అవుతుంది. సెన్సర్‌ని చీలమండ నుంచి పాదం మీదికి మార్చి, పాదం నేలకి ఆనిన ప్రతిసారీ వేగాన్ని సున్నా చేయండి.

పాత విద్యార్థి:
అమ్మా, నేను నలభై ఏళ్ల కిందట నేర్చుకున్నదాన్ని, కోడ్ సంగతి నాకు తెలియదు. కానీ తట్టితే పొడి చెదురుతుంది, అంతే. పాదం పొడిని తోసుకుంటూ పోతేనే గీత. నువ్వు తట్టునే కొలుస్తున్నావు.

సోల్డర్‌బాబు:
అయ్యో, అయితే నా చిట్కా సగం చెడినట్టే. జారే పాదం ఆగితే కదా సున్నా చేయడానికి! పాదం ఎక్కడుందో పైనుంచి ఫోన్ కెమెరాతో పట్టుకోండి, బొటనవేలికి రంగు టేపు చుట్టి. సెన్సర్‌ని తట్టు బలానికి మాత్రం వాడుకోండి, గీత మందం దాన్ని బట్టి మారుతుంది.

గజ్జెలమ్మ:
టేపు అవసరం పడలేదు! నిన్న ఫ్యాన్ కొక్కేనికి ఫోన్ వేలాడదీసి, పారాణి పెట్టుకుని ఆడాను. కెమెరా ఆ ఎరుపునే పట్టుకుంది. కాకపోతే నా చీర అంచు కూడా ఎరుపే. అక్క స్క్రీన్ మీద సింహానికి రెండు తోకలొచ్చాయి.