నవంబరులో మి సన్, హోయి ఆన్, హుయే: పెద్దవాళ్లతో వెళ్లొచ్చా?

వియత్నాం మధ్య భాగం చూసొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. అమ్మానాన్నలతో వెళ్తున్నాం. హా లాంగ్ బే మీద ఇద్దరికీ పెద్దగా ఆసక్తి లేదు, మి సన్ శివాలయాలు చూడాలని మాత్రం నాన్న పట్టుబట్టారు. 4వ శతాబ్దంలో చంపా రాజు భద్రవర్మ భద్రేశ్వరుడికి గుడి కట్టించిన చోటు అది, 1969లో అమెరికా బాంబులకి చాలా గుళ్లు కూలిపోయాయి, మిగిలినవాటిలో కొన్నింటిని ఈమధ్య మన పురావస్తు శాఖ వాళ్లే బాగుచేశారని చదివినప్పటి నుంచి ఆయనకి వేరే ధ్యాస లేదు.

సెలవులు నవంబరులోనే దొరికాయి. అక్కడ అక్టోబరు, నవంబరుల్లోనే వానలు ఎక్కువట, హోయి ఆన్ పాత వీధుల్లోకి నది నీళ్లు వచ్చేస్తాయంటున్నారు, అదే టెన్షన్. నిజంగా తిరగలేనంత ఉంటుందా, గొడుగులతో నెట్టుకురావచ్చా?

డా నాంగ్‌లో బస పెట్టుకుని హుయేకి రైల్లో వెళ్లి అదే రోజు వచ్చేద్దామనుకుంటున్నా, హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం పక్కనే వెళ్తుంది కదా, కిటికీ సీటు కోసమైనా రైలే. కానీ కోట, న్గుయెన్ రాజుల సమాధులు ఒక్క రోజులో అవుతాయా? అమ్మకి మోకాళ్ల నొప్పి, ఖాయ్ దిన్ సమాధికి మెట్లు చాలా ఉన్నాయట, అది వదిలేసి మిన్ మాంగ్‌ది చూస్తే సరిపోతుందా? మి సన్‌లో గేటు నుంచి గుళ్ల దాకా నడక ఎంత?

అన్నట్టు అమ్మ శాకాహారి. చేపల సాస్ వేయొద్దని అక్కడి హోటళ్లలో ఎలా చెప్పారు మీరు?