‘డిస్కస్ అబౌట్’ తప్పు మన తెలుగుదేనా?

నల్లబల్ల:
ఎనిమిది, తొమ్మిది తరగతులకు ప్రిపోజిషన్లు ఎలా నేర్పాలన్న దగ్గర రెండు వాదాలున్నాయి. ఒకటి, మన విభక్తుల పక్కన పెట్టి చెప్పడం: ‘లో’కి ఇన్, ‘మీద’కి ఆన్, ‘తో’కి విత్. తేడా వచ్చే చోట్ల హెచ్చరించాలి. రెండోది, తెలుగు ఊసే ఎత్తకుండా ప్రతి మాటనూ దాని ప్రిపోజిషన్‌తో కలిపే నేర్పడం. నేను మొదటి పక్షం. ‘గురించి చర్చించారు’ అంటాం కాబట్టే ‘డిస్కస్డ్ అబౌట్’ వస్తోంది. ‘గదిలోకి ప్రవేశించాడు’ నుంచి ‘ఎంటర్డ్ ఇంటు ది రూమ్’, ‘నా మీద కోపం’ నుంచి ‘యాంగ్రీ ఆన్ మి’. జబ్బు ఎక్కడుందో తెలిస్తేనే కదా మందు. కాదంటారా?

పుల్‌స్టాప్:
‘యాంగ్రీ ఆన్’ వరకు ఒప్పుకుంటానండీ. అది అచ్చంగా మన ‘మీద’. ‘యాంగ్రీ విత్’ అనాలి. కానీ ‘డిస్కస్ అబౌట్’ నైజీరియాలోనూ, మలేషియాలోనూ వినిపిస్తుంది. వాళ్లకు మన ‘గురించి’ ఎవరు నేర్పారు? పైగా తెలుగులో ‘సమస్యను చర్చించారు’ అని కూడా రాస్తాం.

మీ వాదానికి అసలు చిక్కు ‘ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్రాబ్లమ్’ దగ్గర వస్తుంది. తెలుగులో ‘నాకు వివరించండి’, ‘కు’ కళ్లెదుటే ఉంది. మీ లెక్కన పిల్లవాడు ‘ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లమ్ టు మి’ అని సరిగ్గా రాసేయాలి. రాయడు. ‘టెల్ మి, గివ్ మి, షో మి’ వరసలోనే దీన్నీ కట్టేస్తాడు. తప్పు పుట్టింది ఇంగ్లీషు లోపలే.

‘డిస్కస్ అబౌట్’ కూడా చాలావరకు అలాంటిదే. ‘డిస్కషన్ అబౌట్ ఫీజ్’ సరైనదే, క్రియకు మాత్రం ‘డిస్కస్ ఫీజ్’ చాలు. ఆ నామవాచకం తోక తెచ్చి క్రియకు అతికిస్తున్నాడు. ఇలాంటి జంటలు బోలెడు:

ఎంఫసైజ్ ది పాయింట్ – ఎంఫసిస్ ఆన్ ది పాయింట్
రిక్వెస్ట్ లీవ్ – ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్
ఆన్సర్ ది క్వశ్చన్ – ది ఆన్సర్ టు ది క్వశ్చన్
ఇన్వెస్టిగేట్ ది థెఫ్ట్ – యాన్ ఇన్వెస్టిగేషన్ ఇంటు ది థెఫ్ట్
అఫెక్ట్ ది క్రాప్ – ఎఫెక్ట్ ఆన్ ది క్రాప్

ఎడమవైపు క్రియ కర్మను నేరుగా పట్టుకుంటుంది. నామవాచకం అలా పట్టుకోలేదు, మధ్యలో ప్రిపోజిషన్ ఉండి తీరాలి. బోర్డు మీద రాయాల్సింది ఈ జంటల్ని.

నల్లబల్ల:
‘ఎక్స్‌ప్లెయిన్’ మాట నిజమే, అటువైపు ఆలోచించలేదు. కానీ ఏ నామవాచకానికి ఏది వస్తుందో చెప్పే సూత్రమంటూ ఉందా, లేక మళ్లీ బట్టీయేనా?

ముసాయిదా:
సగం సూత్రం, సగం బట్టీ. క్రియకే ప్రిపోజిషన్ ఉంటే నామవాచకానికీ సాధారణంగా అదే దిగుతుంది: ‘రిలై ఆన్ – రిలయన్స్ ఆన్’, ‘ఆబ్జెక్ట్ టు – ఆబ్జెక్షన్ టు’, ‘పార్టిసిపేట్ ఇన్ – పార్టిసిపేషన్ ఇన్’. క్రియకు లేకపోతే ముందు ‘ఆఫ్’ పెట్టి చూడాలి: ‘డిస్క్రిప్షన్ ఆఫ్, అనాలిసిస్ ఆఫ్, డిస్ట్రక్షన్ ఆఫ్’. ఈ రెండింటికీ లొంగని ‘అటాక్ ఆన్, డిమాండ్ ఫర్, విజిట్ టు’ లాంటివే బట్టీకి మిగులుతాయి. విశేషణాల దగ్గర మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. ‘ప్రౌడ్ ఆఫ్’ అంటాం, నామవాచకం ‘ప్రైడ్ ఇన్’, క్రియగా ‘ప్రైడ్స్ హర్‌సెల్ఫ్ ఆన్’. ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు దారులు.

‘ఇన్‌క్రీజ్’ని విడిగా నేర్పాలి. ‘యాన్ ఇన్‌క్రీజ్ ఆఫ్ 10 రుపీస్ ఇన్ ది ప్రైస్’: ఎంత పెరిగిందో చెప్పేది ‘ఆఫ్’, ఏది పెరిగిందో చెప్పేది ‘ఇన్’. అదే క్రియ అయితే ‘ది ప్రైస్ ఇన్‌క్రీజ్డ్ బై 10 రుపీస్’. విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో గ్రాఫు వర్ణించేటప్పుడు ఈ మూడూ కలగాపులగం చేసేస్తారు.

అనుస్వారం:
ఇంతకీ ‘డిస్కస్ అబౌట్’ తప్పని ఎవరు తేల్చారు? ‘డిఫరెంట్ ఫ్రమ్’ అందరిదీ, ‘డిఫరెంట్ టు’ బ్రిటన్‌ది, ‘డిఫరెంట్ దాన్’ అమెరికాది. వాళ్లు మూడు రకాలుగా అంటే వైవిధ్యం, మనం ఒక్కటి అంటే తప్పా?

పుల్‌స్టాప్:
మాటల్లో అంటే నేనూ ఆపను. పరీక్ష పేపరు దిద్దేవాళ్లు మాత్రం సున్నా చుడతారు, పిల్లవాడికి ఆ సంగతి చెప్పకుండా ఎలా? ఇక అర్థమే మారిపోయే చోట్లున్నాయి. ‘మీటింగ్‌కి హాజరయ్యాను’ అన్న లెక్కన ‘అటెండెడ్ టు ది మీటింగ్’ అంటే కుదరదు. ‘అటెండ్ ది మీటింగ్’ హాజరవడం, ‘అటెండ్ టు ది పేషెంట్’ చూసుకోవడం. ‘ఎంటర్’ కూడా అంతే. గదికి ‘ఇంటు’ అక్కర్లేదు, ఒప్పందానికి కావాలి: ‘ఎంటర్డ్ ఇంటు యాన్ అగ్రిమెంట్’. ‘ఎంటర్ తర్వాత ఇంటు రాదు’ అని గుడ్డిగా నేర్పిన మాస్టారి పిల్లలు ఇక్కడే బోల్తా పడతారు.

చిత్తుకాగితం:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఆఫీసు మెయిల్‌లో ‘ఐ రిక్వెస్ట్ యూ ఫర్ లీవ్’, చివర్లో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’. ఇవి సరైనవేనా?

ముసాయిదా:
రెండూ మార్చాలండీ. సబ్జెక్ట్ లైనులో ‘రిక్వెస్ట్ ఫర్ లీవ్’ బాగుంటుంది, అక్కడది నామవాచకం. లోపల క్రియగా వాడితే ‘ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మి లీవ్’.

రెండోదానికి ఒక పరీక్ష ఉంది. ‘టు’ తర్వాత ‘దట్’ పెట్టి చూడండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు దట్’ నిలబడింది. అంటే ఆ ‘టు’ ప్రిపోజిషన్, తర్వాత ‘మీటింగ్ యూ’ రావాలి. ‘ఐ వాంట్ టు దట్’ నిలబడదు, కాబట్టి అక్కడ ‘మీట్’. ‘యూస్డ్ టు’ కూడా ఇలాగే విడిపోతుంది. ‘ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రి పని అలవాటే. ‘ఐ యూస్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ణి, ఇప్పుడు లేదు.

నల్లబల్ల:
సరే, జంటలు రాయిస్తాను. ‘యాంగ్రీ ఆన్’, ‘మ్యారీడ్ విత్’ మాత్రం తెలుగు పక్కన పెట్టే చెప్తాను, అక్కడ వెనక్కి తగ్గను. ‘అతనితో పెళ్లయింది’ అని చూపించకపోతే ‘మ్యారీడ్ టు’ ఎంత చెప్పినా నిలవదు. మరి ‘బస్సులో’ ఆన్, ‘కారులో’ ఇన్ ఏ లెక్కన? మనకు రెండింటికీ ‘లో’ ఒక్కటే.

పుల్‌స్టాప్:
లోపల లేచి నిలబడి నడవగలిగితే ఆన్: బస్సు, రైలు, విమానం, ఓడ. వంగి దూరి కూర్చోవడమే అయితే ఇన్: కారు, ఆటో, ట్యాక్సీ. బైకుకి, గుర్రానికి ఆన్. అక్కడ మాత్రం మీ ‘మీద’ చక్కగా సరిపోతుంది.