కిట్ కార్‌కి హెడర్స్: స్టీరింగ్ షాఫ్ట్ పక్కన 12 మి.మీ. సందు చాలుతుందా?

అందరికీ నమస్కారం. లోటస్ సెవెన్ తరహా కిట్ కార్ (విడిభాగాలుగా వచ్చేది) ఒకటి సొంతంగా బిగించుకుంటున్నాను. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఇంజిన్, గేర్‌బాక్స్ కూర్చున్నాయి, హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పైపులు) దగ్గర పని ఆగింది.

4-2-1 రకం (నాలుగు పైపులు ముందు రెండుగా, తర్వాత ఒకటిగా కలిసేది) తీసుకోవాలని ఉంది. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) 1-3-4-2 కాబట్టి 1-4, 2-3 పైపులు జతలుగా కలిస్తే మధ్య ఆర్‌పీఎంలో బండి బాగా లాగుతుంది. రోడ్డు మీద నాకు కావాల్సింది అదే. నాలుగూ ఒకేచోట కలిసే 4-1 రకం లాభమంతా పై ఆర్‌పీఎంలోనే.

చిక్కల్లా ఒక్కటే. ఆ జతలు కలిసే చోటు సరిగ్గా స్టీరింగ్ షాఫ్ట్ పక్కకు వస్తోంది. అట్టముక్కతో నమూనా చేసి చూస్తే 12 మి.మీ. సందే మిగిలింది. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, వేడెక్కితే పైపు కూడా సాగుతుంది. షాఫ్ట్ జాయింట్‌కి వేడి తగులుతుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది, స్టీరింగ్ విషయం కదా!

ఇలాంటిది బిగించినవాళ్లు ఎంత సందు వదిలారు? మధ్యలో హీట్ షీల్డ్ పెడితే సరిపోతుందా, పైపుకి సిరామిక్ కోటింగ్ కూడా వేయించాలా? మైల్డ్ స్టీల్‌కి హీట్ వ్రాప్ (వేడిని ఆపే పట్టీ) చుడితే తేమ పట్టి తుప్పు వస్తుంది కాబట్టి అది వద్దనుకున్నాను.

ఇంకొకటి, ఆక్సిజన్ సెన్సర్ బాస్‌ని (సెన్సర్ బిగించే మరల రింగుని) నాలుగు పైపులూ కలిశాక ఎంత దూరంలో వెల్డ్ చేయించారు? మీ కొలతలు చెబితే ఆర్డర్ పెట్టేస్తాను.