అమెరికాకి ఆవకాయ: పెట్టెలో నూనె కారకుండా ఎలా సర్దాలి?

కొత్తసూట్‌కేస్:
మా అమ్మ జూన్‌లో హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్తోంది. టికెట్‌లో చెక్-ఇన్‌కి 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచికి 7 కిలోలు ఇచ్చారు. ఆవకాయ 4 కిలోలు, గోంగూర 2, నెయ్యి 2, కందిపొడి, సున్నుండలు, ఒక కుక్కర్ పెడదామనుకుంటున్నాం. పచ్చళ్లు గాజు సీసాల్లో పెట్టాలా, ప్లాస్టిక్ డబ్బాల్లోనా, కవర్లలోనా? కస్టమ్స్‌లో ఏవి తీసేస్తారు?

పచ్చళ్లబండి:
కవర్లే మేలు. గాజు బరువు, పైగా పగులుతుంది. డబ్బా మూతని నమ్మలేం. విమానం పైకెళ్లాక లోపల గాలి ఒత్తిడి నేల మీదున్న దానికంటే దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. సామాన్ల అరలోనూ అంతే. మూత కింద మిగిలిన గాలి వ్యాకోచించి, దగ్గర్లో ఉన్న నూనెని మర సందుల్లోంచి బయటికి తోస్తుంది. అందుకే డబ్బా మీద ఎన్ని కవర్లు చుట్టినా కారడం ఆగదు, కారింది బట్టలకి అంటకుండా ఉంటుందంతే.

ఆవకాయ కొత్తగా కలిపింది వద్దు. మూడో రోజు తిరగకలిపాక ఇంకో పది రోజులైనా ఊరాలి, లేదంటే కవరు ఉబ్బుతుంది. కట్టే ముందు పైన తేలిన నూనె వంచేయండి, ముక్కకి పట్టి ఉన్నది చాలు. అక్కడికి చేరాక పప్పునూనె పోసి కలుపుకోవచ్చు. దీంతో బరువూ తగ్గుతుంది.

మందపాటి ప్యాకింగ్ కవర్లు తెచ్చి ఒక్కోదాంట్లో అరకిలో మించకుండా పెట్టండి. నింపే ముందు కవరు నోటిని నాలుగు వేళ్ల మేర బయటికి మడవాలి, నింపాక తిరిగి విప్పాలి. సీలు పట్టే చోట నూనె గానీ కారం గానీ అంటితే వేడికి ప్లాస్టిక్ అతుక్కోదు. సీళ్లు ఊడేది ఎక్కువగా ఇందుకే. అయినా ఓసారి టిష్యూతో తుడిచి, ఒక సీలు వేసి, సెంటీమీటరు వదిలి రెండోది వేయండి.

గోంగూరకి వ్యాక్యూమ్ బాగుంటుంది. ఆవకాయకి మాత్రం గట్టిగా లాగించకండి, టెంక అంచు కవరుని పొడిచేస్తుంది. చేత్తో నొక్కి గాలి తీసేసి, టిష్యూ చుట్టి, ఇంకో కవర్లో పెట్టి దానికీ సీలు వేయండి. ఆ రాత్రంతా తెల్ల కాగితం మీద పరిచి, పైన రెండు కిలోల బరువు పెట్టండి. పొద్దునకి మరక కనబడిన ప్యాకెట్‌ని మార్చేయడమే.

నెయ్యి సంగతి: జూన్ ఎండకి అది నూనెలాగే కరుగుతుంది. డల్లాస్‌లో ఇండియన్ దుకాణాలకి కొదవ లేదు, ఆ రెండు కిలోలు ఇంకో పచ్చడికి వాడుకోండి.

తూకంరాయి:
28 అంగుళాల గట్టి పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుంది, అది కూడా 23లో భాగమే. కొక్కెం తూకానికీ కౌంటర్ తూకానికీ తేడా వస్తుంది కాబట్టి 22 దగ్గర ఆపేయండి. పెట్టె నిలబెట్టినప్పుడు బరువైనవి చక్రాల వైపు రావాలి. పచ్చళ్లు అంచులకి కాకుండా మధ్యలో, చుట్టూ బట్టలతో, రెండు పెట్టెల్లోనూ సగం సగం ఉంచండి. ఒక పెట్టె ఆలస్యమైనా రెండోది ఉంటుంది. సున్నుండలు మాత్రం గట్టి డబ్బాలో, కదలడానికి చోటు లేకుండా పేర్చాలి.

కుక్కర్ చెక్-ఇన్‌లోనే వేయండి. ఖాళీ ఎందుకని లోపల పొడి ప్యాకెట్లు కుక్కుతారు చాలామంది. మందపాటి లోహం లోపల ఇంకో ముద్ద కనబడితే ఎక్స్‌రేలో తేలక పెట్టె విప్పే అవకాశం ఎక్కువ. అందులో చీరలో తువ్వాళ్లో పెట్టండి.

చేతి సంచిలో పచ్చడి, నెయ్యి రెండూ ద్రవం లెక్కే, 100 మి.లీ. దాటితే తీసేస్తారు. అమెరికా విమానాల్లో 350 మి.లీ. దాటిన పొడుల్ని విడిగా తనిఖీ చేస్తారు, కాబట్టి కందిపొడీ చెక్-ఇన్‌లోనే వేయండి. మందులు, పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

ఆకుపచ్చగీత:
కస్టమ్స్ విషయం. మాంసం పచ్చళ్లు ఎంత సీలు వేసినా కుదరవు. పచ్చి కరివేపాకు, పళ్లు, బియ్యం కూడా వద్దు. బియ్యంతో ఖప్రా అనే పురుగు వస్తుందని వాళ్ల భయం. పాల పదార్థాల మీదా ఆంక్షలున్నాయి, కోవా మానేయండి. ఎండు కొబ్బరి చిప్పలకి అమెరికా దాకా అక్కర్లేదు, శంషాబాద్‌లోనే ఆపుతారు. నూనె ఎక్కువ, నిప్పంటుకునే సరుకని చెక్-ఇన్‌లోనూ నిషేధం.

తిండి ఉందా అని అడిగితే ఉందనే చెప్పమనండి. చెప్పాక పనికిరానిది కనబడితే దాన్ని తీసుకుని వదిలేస్తారు, దాస్తే జరిమానా పడొచ్చు. ప్రతి ప్యాకెట్ మీదా లోపల ఏముందో, మాంసం లేదనీ ఇంగ్లీషులో రాసిపెడితే ఏది ఏమిటో అమ్మగారు విడమరచి చెప్పక్కర్లేదు. ట్యాగ్ డల్లాస్ వరకు వేశారో లేదో చూసుకోండి, దోహాలో పెట్టెలు ముట్టుకునే పనుండదు.

కొత్తసూట్‌కేస్:
చాలా థ్యాంక్స్. సీలింగ్ మిషన్ లేదు, ఇస్త్రీ పెట్టెతో సీలు వేస్తే సరిపోతుందా?

పచ్చళ్లబండి:
పొడులకి చాలు, నూనె ఉన్నవాటికి చాలదు. వేడి అన్నిచోట్లా ఒకేలా పడదు, మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. 8 అంగుళాల హ్యాండ్ సీలర్ కొనండి, లేదా దగ్గర్లోని పచ్చళ్ల కొట్లో మీ పచ్చడి ప్యాక్ చేసిపెడతారేమో అడగండి. ఎక్కడ వేయించినా రెండో సీలు వేయమని చెప్పండి.