స్ప్రెడ్ అఫెన్స్ ముందు మా 4-4 నిలబడటం లేదు, ఏ ఫ్రంట్‌కి (ముందు వరస అమరికకి) మారితే మంచిది?

కొలంబస్ నాన్న:

అందరికీ నమస్కారం. ఒహాయోలో కొలంబస్ పక్కన ఉంటాం. మా అబ్బాయి ఎనిమిదో తరగతి అమెరికన్ ఫుట్‌బాల్ టీంలో బయటి లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాడు). నేను అదే టీంకి వాలంటీర్‌గా డిఫెన్స్ వైపు సాయం చేస్తుంటాను. చిన్నప్పుడు మనం ఆడిన ఆట కాదు కాబట్టి వీడియోలు చూసి, హెడ్ కోచ్ గారిని అడిగి నేర్చుకుంటున్నాను.

మేం ఆడేది 4-4, వెనక కవర్ 3 (లోతు భాగాన్ని ముగ్గురు పంచుకుని కాయడం). ముందు నలుగురు, వాళ్ల వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు, ఇద్దరు కార్నర్లు, మధ్యలో ఒక సేఫ్టీ. టైట్ ఎండ్‌నీ ఫుల్‌బ్యాక్‌నీ పెట్టుకుని గుద్దుకుంటూ వచ్చే టీంల మీద మా పిల్లలు బ్రహ్మాండంగా ఆడుతున్నారు. ఇబ్బందంతా స్ప్రెడ్ టీంలతోనే. క్వార్టర్‌బ్యాక్ షాట్‌గన్‌లో (లైన్‌కి కాస్త వెనక్కి) నిలబడి నలుగురు రిసీవర్లను రెండు వైపులా పరిచేస్తాడు. మా ఎండ్ (ముందు నలుగురిలో చివరివాడు) రన్నింగ్ బ్యాక్ మీదికి వెళ్తే, బంతి తనే ఉంచుకుని ఆ ఖాళీలోంచి పరుగెత్తుతున్నాడు. మావాడు పరుగు ఆపడానికి లోపలికి అడుగేస్తే, బయట స్లాట్‌కి (లోపలి వైపు రిసీవర్‌కి) బబుల్ స్క్రీన్, అంటే పక్కకి చిన్న పాస్ వేస్తున్నారు. ఒకే వైపు ముగ్గురు రిసీవర్లను పెట్టారంటే ఇంక ఎవరు ఎవరిని పట్టుకోవాలో తెలియక మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

హెడ్ కోచ్ గారు 3-3-5 కి (ముందు ముగ్గురు, ముగ్గురు లైన్‌బ్యాకర్లు, వెనక అయిదుగురు) మారదామంటున్నారు. సీజన్ మధ్యలో అంత మార్పు పిల్లలకి ఎక్కుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మిడిల్ లైన్‌బ్యాకర్:

నమస్తే అన్నా. ఫ్రంట్ మార్చే ముందు ఒకసారి కాగితం మీద లెక్క వేసుకోండి. అవతలి లైన్‌లో అయిదుగురు ఉంటారు. వాళ్ల మధ్య, పక్కన కలిపి ఆరు గ్యాప్‌లు: సెంటర్ పక్కన రెండు ఏ, గార్డ్‌కీ టాకిల్‌కీ మధ్య రెండు బి, టాకిల్ బయట రెండు సి. నలుగురు రిసీవర్లు బయటికి పోతే బాక్స్‌లో (వాళ్ల లైన్‌కి ఎదురుగా, దగ్గరగా) మీకు ఆరుగురు చాలు. మీ 4-4 లో ముందు నలుగురు, లోపలి లైన్‌బ్యాకర్లిద్దరు కలిసి సరిగ్గా ఆరుగురు ఉన్నారు. బయటి లైన్‌బ్యాకర్లు స్లాట్ల వైపు జరిగి నిలబడితే మీది పేరుకే 4-4, చూడ్డానికి దాదాపు 4-2-5. టీసీయూలో (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) కోచ్ గ్యారీ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి ఆడించిన 4-2-5 లోనూ ముందు ఆరుగురి లెక్క ఇదే.

కాబట్టి మీకు మనుషులు తక్కువ కాలేదు. తెగుతున్నది మీ అబ్బాయి దగ్గర, కానీ అందులో వాడి తప్పేమీ లేదు. వాడికి సి గ్యాప్ చూడమని చెప్పారు, స్లాట్‌నీ చూడమన్నారు. అవతలి క్వార్టర్‌బ్యాక్ వెతికేది ఇలా రెండు పనులు నెత్తిన పెట్టుకున్న కుర్రాణ్నే. వాడు లోపలికొస్తే బంతి బయటికి, బయటే ఉంటే బంతి లోపలికి. ఎంత చురుకైన పిల్లాడైనా ఈ పందెంలో గెలవలేడు. స్ప్రెడ్ మీద ఏ ఫ్రంట్ పెట్టినా మొదట తేల్చుకోవాల్సింది రెండే: క్వార్టర్‌బ్యాక్ ఎవరి మనిషి, స్లాట్ ఎవరి మనిషి. మీవాడికి స్లాట్ ఒక్కటే ఇవ్వండి. ఇద్దరు రిసీవర్లున్న వైపు బబుల్‌కి ముందు వాడు, వెనక కార్నర్ ఉంటారు. సి గ్యాప్ బరువు ఎండ్, లోపలి లైన్‌బ్యాకర్ పంచుకుంటారు.

ఎలా పంచుకోవాలంటే రెండు కాల్స్ పెట్టుకోండి. మొదటిది "నిలబడు". ఎదురుగా ఉన్న ఆఫెన్సివ్ టాకిల్ ఎండ్‌ని ముట్టుకోకుండా లోపలికి వెళ్లిపోయాడంటే, క్వార్టర్‌బ్యాక్ ఎండ్‌నే చదువుతున్నాడని అర్థం. అప్పుడు ఎండ్ ముందుకు దూకకూడదు. కబడ్డీలో కూతకొచ్చినవాడి మీదికి కంగారుగా దూకినవాడు ఏమవుతాడో ఇక్కడా అంతే. భుజాలు లైన్‌కి సమాంతరంగా ఉంచి, టాకిల్ తుంటికి చెయ్యి అందేంత దగ్గరగా, పక్కకి చిన్న అడుగులు వెయ్యాలి. క్వార్టర్‌బ్యాక్‌కి ఇవ్వాలా ఉంచుకోవాలా తేలకుండా చెయ్యడమే ఎండ్ పని. ఉంచుకుంటే వాడు ఎండ్ మనిషే.

రెండోది "మార్చు". ఇందులో ఎండ్ రన్నింగ్ బ్యాక్ మీదికే లోపలికి గట్టిగా దిగుతాడు, బి గ్యాప్ అతనిది. ఆ వైపు లోపలి లైన్‌బ్యాకర్ ఎండ్ వెనక నుంచి చుట్టి సి గ్యాప్‌కి వస్తాడు. క్వార్టర్‌బ్యాక్ ఎండ్ దిగడం చూసి బంతి ఉంచుకుంటాడు, బయటికి తిరిగేసరికి ఎదురుగా లైన్‌బ్యాకర్ నిలబడి ఉంటాడు. ఈ రెండు కాల్స్‌నీ ప్లే ప్లేకీ మారుస్తూ పోతే క్వార్టర్‌బ్యాక్ తన కళ్లని తనే నమ్మలేడు.

పిల్లలకి బాగా పనికొచ్చే గుర్తు ఒకటుంది. ఇలా ఎండ్‌ని చదివే జోన్ రీడ్ ప్లేలో రన్నింగ్ బ్యాక్ మామూలుగా క్వార్టర్‌బ్యాక్ ముందునుంచి అవతలి పక్కకి దాటుతాడు. అంటే బ్యాక్ ఏ పక్కన నిలబడ్డాడో ఆ పక్క ఎండ్‌నే చదువుతారు. స్నాప్‌కి (సెంటర్ బంతి అందించడానికి) ముందే లైన్‌బ్యాకర్ "కుడి బ్యాక్", "ఎడమ బ్యాక్" అని గట్టిగా అరిస్తే ఆ వైపు ఎండ్ సిద్ధంగా ఉంటాడు. నిలబడిన వైపుకే బ్యాక్‌ని పరుగెత్తించే టీంలూ ఉన్నాయి కాబట్టి అవతలివాళ్ల అలవాటు వీడియోలో ముందే చూసుకోండి.

శుక్రవారం రాత్రి:

అన్న చెప్పిన లెక్క కరెక్టే, కానీ 3-3-5 ని అంత తేలిగ్గా పక్కన పెట్టొద్దు. 2017 లో అయోవా స్టేట్ యూనివర్సిటీ డిఫెన్స్ చూడండి. కోఆర్డినేటర్ జాన్ హీకాక్ ముందు ముగ్గుర్ని, వెనక ముగ్గురు సేఫ్టీలని పెట్టాడు. ఆ అక్టోబరులోనే మూడో ర్యాంక్ ఓక్లహోమాని వాళ్ల సొంతూరు నార్మన్ వెళ్లి 38-31 తో ఓడించారు, నెలాఖరులో నాలుగో ర్యాంక్ టీసీయూని 14-7 తో కట్టడి చేశారు. మధ్య సేఫ్టీ వెనకే నిలబడి ఉంటాడు కాబట్టి వాణ్ని బ్లాక్ చెయ్యడానికి అఫెన్స్‌కి మనిషి ఉండడు. పరుగు అని తేలగానే దిగి వచ్చి పడేస్తాడు.

దానికి తోడు టైట్ ఫ్రంట్ ఉంది. అవతలి సెంటర్ మీద ఒక నోస్ (మన మధ్య లైన్‌మన్), వాళ్ల రెండు టాకిల్స్ లోపలి భుజాల మీద ఇద్దరు. బి గ్యాప్‌లు రెండూ మూసుకుపోతాయి. స్ప్రెడ్ టీంలకి మధ్యలోంచి పరుగెత్తే ఇన్‌సైడ్ జోనే అన్నం, అది దొరక్క బయటికి పరుగెత్తుతారు, అక్కడ మనవాళ్లుంటారు. జార్జియా యూనివర్సిటీ 2021 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 10.2 పాయింట్లే ఇచ్చి ఛాంపియన్ అయింది, వాళ్లకి ఈ ఫ్రంట్ రోజువారీ ఆయుధం.

మిడిల్ లైన్‌బ్యాకర్:

శుక్రవారం గారూ, మీరు చెప్పినవి రెండూ నాకూ ఇష్టమైనవే. కాలేజీ స్థాయిలో గత పదేళ్లలో వచ్చిన మంచి ఆలోచనల్లో అయోవా స్టేట్‌ది ఒకటి. కానీ ఎనిమిదో తరగతిలో అది నిలబడాలంటే ఇద్దరు ప్రత్యేకమైన పిల్లలు కావాలి. ఒకడు ఇద్దరు కలిసి తోసినా కదలని నోస్. రెండోవాడు వెనకనుంచి ఆట చదివి, ఖాళీ మైదానంలో ఒంటరిగా పట్టి పడేయగల సేఫ్టీ. టైట్ ఫ్రంట్‌లో పక్కన నిలబడే ఇద్దరూ కూడా బరువున్నవాళ్లయి ఉండాలి, లేకపోతే టాకిల్స్ వాళ్లని లోపలికి తోసేసి దారి చేసేస్తారు. కొలంబస్ అన్న టీంలో అలాంటివాళ్లు ఉంటే హెడ్ కోచ్ గారి మాటే మంచిది. ఉన్నది నలుగురు మంచి లైన్‌మెన్ అయితే ఒకర్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఫ్రంట్ మార్చడం నాకు నచ్చదు.

ట్రిప్స్ (ఒకే వైపు ముగ్గురు రిసీవర్లు) సంగతికి వస్తా. ముగ్గురు ఒకే వైపు వెళ్లారంటే రెండో వైపు ఒక్కడే మిగిలాడు. వాణ్ని కార్నర్‌కి మనిషికి మనిషిగా అప్పగించెయ్యండి. ఆ వైపు బయటి లైన్‌బ్యాకర్‌కి ఇప్పుడు స్లాట్ లేడు, కాబట్టి వాడు బాక్స్‌లోకి వస్తాడు. లోపలి లైన్‌బ్యాకర్లలో ట్రిప్స్ వైపువాడు మూడో రిసీవర్ మీదికి జరుగుతాడు. బాక్స్‌లో మళ్లీ ఆరుగురే. ట్రిప్స్ మీద కార్నర్, బయటి లైన్‌బ్యాకర్, జరిగిన లైన్‌బ్యాకర్ ముగ్గురు, వెనక సేఫ్టీ. "జరుగు" అని ఒక్క మాట చాలు.

మైదానం కొలత కూడా మీకు సాయం చేస్తుంది. వెడల్పు 53 యార్డుల పైచిలుకు. హైస్కూల్ హ్యాష్ గీతలు (ప్లే మొదలయ్యేటప్పుడు బంతి వీటి మీదో, వీటి మధ్యో ఉంటుంది) దాన్ని మూడు సమాన భాగాలు చేస్తాయి. బంతి ఒక హ్యాష్ మీద ఉంటే దగ్గరి పక్క 18 యార్డులు కూడా ఉండవు, దూరం పక్క 35 దాటి ఉంటుంది. అంత దూరం బంతిని తిన్నగా విసిరే చెయ్యి ఈ వయసులో అరుదు. విశాలమైన వైపు లోతుగా బయటికి వేసే పాస్ గురించి టెన్షన్ పడకుండా, లోపలికి ఏటవాలుగా వచ్చే స్లాంట్ పాస్‌లు, బబుల్ ముందు ఆపండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్) హ్యాష్‌లు దాదాపు మధ్యలోనే ఉంటాయి, అక్కడి అమరికలు ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే ఇక్కడ కుదరవు.

కొలంబస్ నాన్న:

చాలా థాంక్స్ ఇద్దరికీ. ఇప్పుడు బొమ్మ కళ్లకు కడుతోంది. ఇంకొన్ని అడుగుతా, ఏమనుకోవద్దు. పరుగులా మొదలుపెట్టి మావాడి వెనకే స్లాంట్ వేసే ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్) ఉంటే? హడల్ (ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా గబగబా ఆడితే? అయిదుగురు రిసీవర్లు బయటికెళ్లిపోతే? బయటి లైన్‌బ్యాకర్ ప్లేస్‌లో సేఫ్టీలాంటి కుర్రాణ్ని పెట్టమంటారా?

శుక్రవారం రాత్రి:

ఆర్‌పీఓ గురించి నేను చెప్తా. హైస్కూల్ రూల్స్‌లో పాస్ వెయ్యాలంటే లైన్‌మెన్ రెండు యార్డులు దాటి ముందుకు పోకూడదు. కాలేజీలో మూడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకటి. కాబట్టి మీ స్థాయిలో క్వార్టర్‌బ్యాక్‌కి టైం తక్కువ, బంతి వెంటనే వదలాలి. మీవాడు స్లాంట్ దారిలో అడుగు వెనక్కి వేసి నిలబడితే ఆ పాస్ పోయినట్టే. పరుగుకి సాయం కావాలంటే వాడు కాదు, సేఫ్టీ దిగాలి. ప్రతిసారీ దిగితే వెనక ఖాళీ అవుతుంది కాబట్టి కాల్ ఇచ్చినప్పుడే.

ఓపిక దొరికితే 2012 నవంబరు నాటి స్టాన్‌ఫర్డ్, ఓరెగాన్ కాలేజీ మ్యాచ్ పిల్లలకి చూపించండి. మ్యాచ్‌కి యాభై పాయింట్ల చొప్పున కొడుతున్న ఓరెగాన్‌ని వాళ్ల సొంత మైదానంలో ఓవర్‌టైంలో 17-14 తో ఓడించారు. మొదటి క్వార్టర్‌లో ఓరెగాన్ క్వార్టర్‌బ్యాక్ మారియోటా బంతి ఉంచుకుని 77 యార్డులు పరుగెత్తాడు. స్టాన్‌ఫర్డ్ సేఫ్టీ క్యారింగ్టన్ వదలకుండా వెంటపడి గోల్ లైన్‌కి ముందే పడేశాడు. ఆ డ్రైవ్‌లో ఓరెగాన్‌కి ఒక్క పాయింటూ రాలేదు. ఏ ఫ్రంట్‌లోనైనా ఒకడు తప్పించుకుంటాడు, మిగతావాళ్లు వెంటపడటం మానకపోతే టచ్‌డౌన్ ఆగుతుంది.

మిడిల్ లైన్‌బ్యాకర్:

గబగబా ఆడే టీంకి మందు తక్కువ మాటలు. "నిలబడు", "మార్చు", "జరుగు" ఈ మూడూ చేతి సైగలతో ఇవ్వండి. సైగ అందకపోతే "నిలబడు" ఆడాలి, ఇది అందరికీ ముందే తెలియాలి. ప్రాక్టీసులో స్కౌట్ టీం (అవతలి టీంలా ఆడే మన పిల్లలు) చేత హడల్ లేకుండా ప్లే మీద ప్లే వేయించండి. మొదట్లో సగం మైదానమే తీసుకోండి: ఒక టాకిల్, ఒక గార్డ్, క్వార్టర్‌బ్యాక్, బ్యాక్, ఇద్దరు రిసీవర్లు. వాళ్లకి ఎదురుగా ఎండ్, లోపలి లైన్‌బ్యాకర్, బయటి లైన్‌బ్యాకర్, కార్నర్. ఈ నలుగురికీ పని కుదిరితే సగం డిఫెన్స్ కుదిరినట్టే.

సేఫ్టీలాంటి కుర్రాణ్ని పెట్టడం మంచిదే, కానీ అందరికన్నా వేగంగా పరుగెత్తేవాణ్ని కాదు, ఖాళీలో పట్టుకుంటే వదలనివాణ్ని ఎంచుకోండి. విశాలమైన వైపు ఎప్పుడూ వాడే ఉండాలి. మీ అబ్బాయి ఇరుకు వైపు ఆడొచ్చు. ట్రిప్స్ వస్తే బాక్స్‌లోకి వచ్చేది ఎక్కువగా ఇరుకు వైపువాడే, లైన్‌బ్యాకర్‌గా పెరిగినవాడికి ఆ పని అలవాటే.

అయిదుగురు బయటికెళ్తే రన్నింగ్ బ్యాక్ లేడు, పరుగెత్తగలిగేది క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే. బాక్స్‌లో ముందు నలుగురు, ఒక లోపలి లైన్‌బ్యాకర్ సరిపోతారు, రెండోవాడు మూడో రిసీవర్ మీదికి వెళ్తాడు. అప్పుడు "మార్చు" కాల్ ఉండదు. ఎండ్‌లు క్వార్టర్‌బ్యాక్‌ని బయటికి పోనివ్వకుండా అంచుల్లోంచి రావాలి. మధ్యలో మిగిలిన లైన్‌బ్యాకర్ బంతి చెయ్యి దాటేవరకు వెనక్కి పోకుండా క్వార్టర్‌బ్యాక్ డ్రా (పాస్‌లా చూపించి పరుగెత్తడం) కోసం అక్కడే ఉండాలి.