ఇంట్లో కూర్చుని చూడదగ్గ ఈమధ్య సినిమాలు: మీరు చూసినవే చెప్పండి

సెకండ్_షో:
పాప పుట్టాక థియేటర్ ముఖం చూడటమే మానేశాం. పాప పడుకున్నాక మాకు దొరికేది రెండు గంటలు, అదీ మధ్యలో లేవకపోతే. అందులో సగం ఏం చూడాలో వెతుక్కోవడానికే పోతోంది. ట్రైలర్లు చూసీ చూసీ విసుగొచ్చి టీవీ కట్టేసి పడుకుంటున్నాం. గత పదిహేనేళ్లలో వచ్చినవి, ఏ భాషైనా పర్వాలేదు, ఇంట్లో చూడటానికి బాగుంటాయనిపించినవి చెప్పండి. రేటింగులు, టాప్ 50 లిస్టులు వద్దు, అవి మాకూ దొరుకుతాయి. మీరు నిజంగా కూర్చుని చూసినవి, ఎందుకు నచ్చాయో ఒక ముక్క రాస్తే చాలు. మా ఆయనకు థ్రిల్లర్లు కావాలి, నాకు మనుషుల కథలు. సౌండ్ ఎక్కువ పెట్టుకోలేం.

మూడోవరుస:
సౌండ్ పెట్టుకోలేం అన్నారు కాబట్టి ఇద్దరూ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని 'ద గిల్టీ' చూడండి. 2018 నాటి డెన్మార్క్ సినిమా, గంటన్నర కూడా ఉండదు. ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునే ఆఫీసులో ఒక పోలీసాయన డ్యూటీలో ఉంటాడు. ఒక ఆవిడ ఫోన్ చేసి, తన కూతురితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ మాట్లాడుతుంది. ఆమెను ఎవరో కారులో ఎత్తుకుపోతున్నారని ఆయనకు అర్థమవుతుంది. ఇక అక్కణ్నుంచి కెమెరా ఆ ఆఫీసు దాటదు. ఆ కారు, రోడ్డు, అవతలి ఇల్లు, అన్నీ మనం చెవులతోనే చూడాలి. ఆయన చెవికీ హెడ్‌సెట్టే, మన చెవికీ హెడ్‌సెట్టే. థియేటర్‌లో ఇంత దగ్గరగా తగలదేమో అనిపించింది నాకు. 2021లో జేక్ జిలెన్‌హాల్‌తో ఇంగ్లిష్‌లో మళ్లీ తీశారు. రెండిట్లో మొదటిదే చూడండి.

సిమెంటు_బుర్ర:
అదే బాపతుది ఇంకోటి, 'లాక్' (2013). 85 నిమిషాలు. టామ్ హార్డీ కారు నడుపుతూ ఫోన్లో మాట్లాడుతూ ఉంటాడు, సినిమా అంతా అంతే. తెరమీద ఇంకో మనిషి కనపడడు. తెల్లారితే పెద్ద బిల్డింగ్‌కి పునాది కాంక్రీటు పోయాలి, దానికి ఇన్‌ఛార్జి ఈయనే. కానీ ఈయన సైటుకి కాకుండా వేరే ఊరికి వెళ్తున్నాడు, కారణం ఇంట్లో చెప్పుకోలేనిది. నేను సైట్ ఇంజనీర్‌ని. పోత ముందురోజు రాత్రి ఉండే టెన్షన్ సినిమాలో ఇంత సరిగ్గా పట్టుకున్నది ఇంకెక్కడా చూడలేదు. వచ్చే కాంక్రీటు సరైన గ్రేడేనా చూసుకో అని కింది కుర్రాడికి ఫోన్లో చెప్తుంటే నాకు చెమటలు పట్టాయి. పక్కన మా ఆవిడ మాత్రం "ముందు ఆ పెళ్లాం సంగతి చూడమను" అంటూ కూర్చుంది. ఇద్దరికీ ఒకే సినిమాలో రెండు థ్రిల్లర్లు దొరికినట్టే.

70ఎంఎం_మామ:
అన్నీ ఇంట్లో చూసేయొచ్చు అనుకోకండి. 'డ్యూన్', 'గ్రావిటీ' లాంటివి 43 అంగుళాల్లో చూసి "ఏముంది ఇందులో" అనేవాళ్లతో నాకు రోజూ గొడవే. అవి కథ కోసం తీసినవి కావు, కొలత కోసం తీసినవి.

మూడోవరుస:
మరి 'రోమా' (2018) సంగతేంటి మామా? అది నెట్‌ఫ్లిక్స్ సినిమానే కదా.

70ఎంఎం_మామ:
ఇంటికొచ్చిన సినిమానే, ఇంట్లో చూసే సినిమా కాదు. దర్శకుడు కువరోన్ స్వయంగా కెమెరా పట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. ఫ్రేమ్‌లో ఒక మూల పనమ్మాయి బట్టలు ఉతుకుతుంటే ఇంకో మూల ఇంకేదో జరుగుతూ ఉంటుంది. చిన్న తెర మీద ఆ రెండో మూల కనపడి చావదు. ల్యాప్‌టాప్‌లో చూస్తే మీ ఖర్మ.

కమల_గారి_కోడలు:
నాకు ఇంట్లోనే చూడాలనిపించిన సినిమా 'ద ఫాదర్' (2020). మతిమరుపు ముదురుతున్న పెద్దాయన, కూతురు, ఒక ఫ్లాటు. ఫ్లోరియన్ జెల్లర్ తన నాటకాన్నే సినిమాగా తీశాడు. ఆంథొనీ హాప్కిన్స్‌కి 83 ఏళ్ల వయసులో ఆస్కార్ వచ్చింది ఈ సినిమాకే. ఇందులో విచిత్రమేంటంటే, జబ్బు ఆయనకైతే అయోమయం మనకు. కూతురంటూ వేరే నటి వస్తుంది. ఇంటి సామాన్లు మారిపోతుంటాయి, గోడ మీద ఉన్న బొమ్మ కాసేపటికి ఉండదు. నేను రిమోట్ పట్టుకుని వెనక్కి తిప్పి చూశాను, ఇందాక ఇక్కడ ఆ బొమ్మ ఉందా లేదా అని. ఆ సౌకర్యం ఇంట్లోనే ఉంటుంది.

కానీ ఒక మాట. ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే ముందే ఆలోచించుకుని పెట్టండి. మా అత్తగారు కూడా అలాగే వాచీ ఎవరో తీశారని పొద్దస్తమానం వెతుకుతారు. సినిమాలో పెద్దాయన వాచీ కోసం పట్టుబట్టే సీన్లో మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. మిగతాది ఆయన ఇప్పటికీ చూడలేదు.

సెకండ్_షో:
అయ్యో. మా నాన్నగారికి కూడా ఈమధ్యే మొదలైందండి. ఇది కొన్నాళ్లు పక్కన పెడతాను. చెప్పి మంచి పని చేశారు.

వాదనలరాణి:
భార్యాభర్తలు కలిసి చూడాలంటే 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' (2023). మర్నాడు మాట్లాడుకోవడానికి టైముంటేనే మొదలుపెట్టండి. మంచు కొండల్లో ఇల్లు, పై అంతస్తు నుంచి పడి భర్త చనిపోతాడు. పడ్డాడా, తోసిందా? సాక్షి అనుకోదగ్గవాడు చూపు సరిగా లేని కొడుకు, వాడితో ఒక కుక్క. కోర్టు సినిమా అనగానే టేబుళ్లు చరచడం ఊహించుకోకండి. ఇక్కడ విచారణ జరిగేది హత్య మీద కంటే కాపురం మీద ఎక్కువ.

ఇందులో ఒక సీన్ ఉంది. చనిపోయే ముందురోజు ఇద్దరూ పోట్లాడుకున్నది భర్త రహస్యంగా రికార్డ్ చేసుంటాడు, అది కోర్టులో వినిపిస్తారు. మనకు ఆ గొడవ తెరమీద కనపడుతుంది. నా టైమంతా నువ్వే తినేశావని ఆయన, నువ్వు రాయకపోతే అది నా తప్పా అని ఆవిడ. మాట మాట పెరిగి చేయి చేసుకునే దాకా వస్తుంది. సరిగ్గా అక్కడ బొమ్మ పోయి కోర్టు హాలు వస్తుంది, శబ్దం మాత్రమే మిగులుతుంది. ఎవరు ఎవర్ని కొట్టారో జడ్జిలకు ఎంత తెలుసో మనకూ అంతే. మేం అక్కడ పాజ్ చేసి వాదించుకుంటూ ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. నేను ఆవిడ తరఫు. నిడివి రెండున్నర గంటలు, రెండు రాత్రులుగా చూసుకున్నా పోయేదేం లేదు.

సిమెంటు_బుర్ర:
రెండు రాత్రులంటే గుర్తొచ్చింది. జపాన్ సినిమా 'డ్రైవ్ మై కార్' (2021) దాదాపు మూడు గంటలు. భయపడకండి. సుమారు నలభై నిమిషాలయ్యాక అప్పుడు మొదలవుతాయి టైటిల్స్! మొదటి రోజు అక్కడిదాకా చూసి ఆపేయొచ్చు, దర్శకుడే గీత గీసిపెట్టాడు.

ఊరుకోని_ఉప్పెన:
అందరూ బయటి సినిమాలే చెప్తున్నారేంటి? 'కేరాఫ్ కంచరపాలెం' (2018) చూశారా లేదా? నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమకథలు. నటించినవాళ్లలో చాలామంది ఆ ఊరివాళ్లే, కెమెరా ముందు ఎప్పుడూ నిలబడనివాళ్లు. మొదటి పావుగంట నాటకంలా అనిపించి ఆపేసినవాళ్లు నాకు తెలుసు. ఆపకండి. చివర ఏమవుతుందో తెలిసినవాళ్లు దయచేసి ఇక్కడ రాయొద్దు.

మలయాళంలో 'కుంబళంగి నైట్స్' (2019). పాడుబడ్డ ఇంట్లో పడి కొట్టుకునే అన్నదమ్ములు ఒకవైపు, నీటుగా ఇస్త్రీ మడతలా ఉండే షమ్మీ ఇంకోవైపు. షమ్మీగా ఫహద్ ఫాజిల్. అద్దం ముందు నిలబడి మీసం చూసుకుని మురిసిపోతాడు. అద్దానికి అతికించిన బొట్టుబిళ్ల కనపడుతుంది. బ్లేడుతో గీరి తీసి పారేస్తాడు. ఈ మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆ ఒక్క గీరుడులో తెలిసిపోతుంది.

మూడోవరుస:
మీ ఆయనకి 'ఖైదీ' (2019) పెట్టండి. కార్తీది. పాటల్లేవు, హీరోయిన్ లేదు, కథంతా ఒక్క రాత్రి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే పాప లేస్తుంది.

నాన్నతో_సినిమా:
సబ్‌టైటిల్స్ గురించి ఒకటి అడగాలి. మా నాన్నకు 72. అక్షరాలు చదివేలోపు సీను పోతోంది అంటారు. నేను డబ్బింగ్ పెట్టి చూపిస్తున్నాను. అది తప్పన్నట్టు మాట్లాడతారు అందరూ.

70ఎంఎం_మామ:
తప్పే. 'పారసైట్' (2019) డబ్బింగ్‌లో చూస్తే సగం పోతుంది. ఆ పేదింటివాళ్లు పెద్దింట్లో మాట్లాడే గొంతు వేరు, వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే గొంతు వేరు.

నాన్నతో_సినిమా:
సగం పోతే పోనీండి మామా, మిగతా సగం ఆయనకు దొరికింది. వాన కురిసిన రాత్రి వాళ్లు మెట్లు దిగుతూ దిగుతూ, ఇంకా దిగుతూ ఇంటికి పోతారు కదా, అది చూసి నాన్న "ఎంత కిందుందిరా వాళ్ల ఇల్లు" అన్నారు. నేను ఏమీ వివరించలేదు.

70ఎంఎం_మామ:
సరే, ఈ ఒక్కసారికి వదిలేస్తున్నా.

వైర్ల_సుబ్బు:
ఏ సినిమా చూసినా ముందు టీవీ సెట్టింగ్స్ చూసుకోండి. మంచి సినిమా కూడా సీరియల్‌లా జారుతూ కనపడుతోందంటే కారణం మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ తన తెలివితో మధ్యలో లేని ఫ్రేములు పుట్టిస్తుంది. కంపెనీని బట్టి ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఇలా పేర్లు మారతాయి. ఆఫ్ చేసేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెడితే చాలు. 2018లో టామ్ క్రూజ్ కూడా దీన్ని ఆపేయమని ఒక వీడియో పెట్టాడు.

ఇక మాటలు వినపడక వాల్యూమ్ పెంచడం, వెంటనే ఫైటు వచ్చి ఇల్లు అదిరిపోవడం. చాలాసార్లు అది 5.1 ఆడియో (ఆరు స్పీకర్ల కోసం చేసింది) టీవీలోని రెండు స్పీకర్లలో ఇరుక్కోవడం వల్ల వస్తుంది. ఆడియో ఆప్షన్స్‌లో స్టీరియో ఉంటే అది ఎంచుకోండి. టీవీలో నైట్ మోడ్ ఉన్నా పనికొస్తుంది, చప్పుళ్లను తగ్గించి మాటల్ని పైకి తెస్తుంది. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందని మాత్రం నన్ను అడక్కండి, ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు.

కమల_గారి_కోడలు:
ఫోన్లు పక్క గదిలో పెట్టండి అని కూడా రాయండి సుబ్బు గారూ. పైన చెప్పినవాటిలో ఒక్కటీ ఫోన్ చూసుకుంటూ చూసేది కాదు.

సెకండ్_షో:
'లాక్' చూశాం! మా ఆయన పునాది గురించి, నేను పెళ్లాం గురించి. అచ్చం సిమెంటు గారింట్లో లాగే. శనివారం అక్కా పిల్లలూ వస్తున్నారు, నాన్నగారు కూడా ఉంటారు. చిన్నదానికి ఆరేళ్లు. సబ్‌టైటిల్, డబ్బింగ్ గొడవ లేకుండా అందరికీ ఒకటి?

నాన్నతో_సినిమా:
'ఫ్లో' (2024). లాత్వియా యానిమేషన్. మాటలే లేవు, మొత్తం జంతువులే. ప్రపంచమంతా వరద, ఒక నల్ల పిల్లి పడవెక్కుతుంది, ఒక్కొక్కటీ వచ్చి చేరతాయి. మనుషుల్లా మాట్లాడవు, జోకులెయ్యవు, పిల్లి పిల్లిలాగే ఉంటుంది. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోగల బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీశారు, 2025లో ఆస్కార్ కొట్టింది. 85 నిమిషాలు.

సెకండ్_షో:
పిల్లికేమైనా అవుతుందా? అది చెప్తేగానీ మా అక్క కూతురు కూర్చోదు.

నాన్నతో_సినిమా:
పిల్లికేం కాదు. చివర్లో తిమింగలం దగ్గర మాత్రం పిల్ల పక్కనే కూర్చోండి. పేర్లు పడుతున్నాయని టీవీ కట్టేయకండి, అవయ్యాక ఇంకో చిన్న సీనుంది. అది చూపించి పడుకోబెట్టండి.